పాపకు మనమే కొత్త

దత్తత గురించి తెలుగులో ఎవరు మాట్లాడినా రెండో మాటలోనే యశోద వచ్చేస్తుంది. పెంచిన ప్రేమకు ఆమెను మించిన సాక్షి లేదు కనుక రానివ్వండి. కానీ యశోద పక్కలోకి కృష్ణుడు చేరింది పుట్టిన రాత్రే. ఊహ తెలిశాక అతను చూసిన మొదటి ముఖం ఆమెదే. శిశుగృహ నుంచి రెండేళ్ళ పాపను తెచ్చుకునే అమ్మానాన్నలకు ఆ వెసులుబాటు లేదు. వాళ్ళు చేతుల్లోకి తీసుకునేసరికే ఆ పాపకు ఓ పేరుంది. వరసగా వేసిన మంచాల్లో తనదంటూ ఓ చోటుంది. అన్నం పెట్టే ఆయమ్మ ఉంది, పక్క మంచం మీద నేస్తం ఉంది. పొద్దున పాలు ఎప్పుడొస్తాయో, ఏ అడుగుల చప్పుడు ఎవరిదో తెలుసు. ఒకరోజు ఎవరో ఇద్దరు వచ్చారు, కారెక్కించారు. సాయంత్రానికి అవేవీ లేవు.

ఇక్కడ ఇంట్లో మాత్రం గుమ్మానికి మామిడాకుల తోరణం, హారతి పళ్ళెం, కేకు, చుట్టాలు, సెల్‌ఫోన్లలో వీడియోలు. పెద్దలకు పండగైన రోజే పాపకు ఉన్నదంతా పోయిన రోజు. వినడానికి కష్టంగా ఉంటుంది గానీ, ఇది ఒప్పుకోకపోతే ఆ తర్వాతి నెలల్లో ఇంట్లో జరిగేదేదీ అర్థం కాదు. పాపను తెలుసుకోవాలని మనం తహతహలాడుతుంటాం. అసలు పరీక్ష పెడుతున్నది తను. వీళ్ళు రేపు కూడా ఉంటారా? ఏడిస్తే వస్తారా? పళ్ళెం విసిరేస్తే ఏం చేస్తారు? నోటితో అడగలేదు కాబట్టి చేతలతో అడుగుతుంది, అడిగిందే పదిసార్లు అడుగుతుంది.

ఫొటోలో ఉన్న పాప

చట్టప్రకారం ఇవాళ అనాథ, వదిలేసిన పిల్లల దత్తత అంటే 2015 నాటి బాలల న్యాయ చట్టం, ‘కారా’ అని పిలిచే కేంద్ర దత్తత వనరుల సంస్థ, దాని ‘కేరింగ్స్’ పోర్టల్. పేరు నమోదు చేసుకోవాలి. సామాజిక కార్యకర్త ఇంటికొచ్చి అన్నీ చూసి నివేదిక రాస్తారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎదురుచూపు. చివరికి ఒకరోజు ఓ ఫొటో, దాంతోపాటు ఆరోగ్య నివేదిక, పాప అధ్యయన నివేదిక కనిపిస్తాయి. 48 గంటల్లో ఔనో కాదో చెప్పాలి. ఔనంటే 30 రోజుల్లోగా వెళ్ళి చూసి లాంఛనాలు పూర్తిచేయాలి. తుది ఉత్తర్వులు ఇంకా రాకుండానే, దత్తతకు ముందస్తు సంరక్షణ కింద పాపను ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆ ఉత్తర్వులు ఇదివరకు కోర్టు ఇచ్చేది. 2021లో చేసిన సవరణ 2022 సెప్టెంబరులో అమల్లోకి వచ్చినప్పటి నుంచి కలెక్టరు ఇస్తున్నారు.

నెలల బిడ్డ కాకుండా నడిచే వయసు పిల్లలు రావడానికి రెండు వైపులా కారణాలున్నాయి. మన దగ్గర దంపతులు పదేళ్ళు సంతాన సాఫల్య కేంద్రాల చుట్టూ తిరిగి, అన్ని దారులూ మూసుకుపోయాకే దత్తత మాట ఎత్తుతారు. దంపతులిద్దరి వయసూ కలిపి 85 దాటితే రెండేళ్ళలోపు బిడ్డకు అర్హత పోతుంది. 90 వరకూ అయితే రెండు నుంచి నాలుగేళ్ళలోపు వారికి అర్హులు. అటు పాప వైపు కూడా కాలం గడుస్తూనే ఉంటుంది. వదిలేసిన బిడ్డ అయితే ముందు కన్నవారి కోసం వెతకాలి. వాళ్ళు దొరకనప్పుడు బాలల సంక్షేమ సమితి ఆ బిడ్డ దత్తతకు అర్హురాలని ప్రకటించడానికి రెండేళ్ళలోపు వారికి రెండు నెలలు, పైబడినవారికి నాలుగు నెలలు గడువు. కన్నవారే వచ్చి అప్పగిస్తే, మనసు మార్చుకునేందుకు వాళ్ళకు 60 రోజులు ఇస్తారు. ఈ జాగ్రత్తల్లో ఏ ఒక్కటీ అనవసరం కాదు. ఆసుపత్రిలో నర్సుకు డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకునే అడ్డదారి అమ్మేవాళ్ళనూ కొనేవాళ్ళనూ జైలుకు పంపే నేరం. అయితే ఈ నెలలన్నీ పాప గడిపేది ఆయమ్మల చేతుల మీదే.

నివేదికల్లో ఎత్తు, బరువు, టీకాలు ఉంటాయి. అర్ధరాత్రి మెలకువ వస్తే ఏం చేస్తుందో ఉండదు. అది చెప్పగలిగింది ఆయమ్మే. పాపను చూడటానికి వెళ్ళిన తల్లిదండ్రులు ఆఫీసు గదిలో కాగితాల దగ్గరే రోజంతా గడిపేస్తారు. సగం సమయమైనా ఆయమ్మ పక్కన కూర్చోండి. ఏ సబ్బు, ఏ నూనె వాడతారు? అన్నం ఎంత మెత్తగా కలుపుతారు? జో కొడతారా, వీపు నిమురుతారా? దేనికి భయపడుతుంది? ఎవరితో ఆడుతుంది? పాప వాడిన దుప్పటో గౌనో ఇస్తే తెచ్చుకోండి, తెచ్చిన వెంటనే ఉతికేయకండి. కొత్తింట్లో తనకు తెలిసిన వాసన అదొక్కటే.

పాప పొరుగు రాష్ట్రం నుంచి కూడా రావచ్చు. అప్పుడు మాటల జాబితా కూడా రాయించుకోవాలి. ఒడియాలో ఖీర అంటే పాలు. అది తెలియని తెలుగు నాయనమ్మ పాప ఖీర్ అడిగిందనుకుని మురిసిపోయి సేమియా పాయసం వండిపెడితే, పిల్ల గిన్నె తోసేసి ఏడుస్తుంది. మొండిదన్న పేరు వచ్చేస్తుంది.

బుద్ధిమంతురాలంటే భయపడాలి

మొదటి వారం చాలా ఇళ్ళలో వినిపించే మాట, “ఎంత బుద్ధిమంతురాలో! అస్సలు ఏడవదు.” పెట్టింది తింటుంది, పడుకోబెడితే పడుకుంటుంది, కూర్చోబెట్టిన చోటే కూర్చుంటుంది. చుట్టాలు మెచ్చుకుంటారు. నా మట్టుకు, ఏడ్చే పిల్లను చూస్తే కలిగే ధైర్యం ఈ పిల్లను చూస్తే కలగదు.

1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే బ్రిటిష్ సామాజిక కార్యకర్త ఒక చిన్న సినిమా తీశారు. రెండేళ్ళ పాప ఒకతి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో, అమ్మకు దూరంగా గడపడం, అంతే కథ. ఆ పాప గోలగోలగా ఏడవదు. పెదాలు బిగబట్టుకుని, మధ్యమధ్యలో అమ్మ ఏదని అడుగుతూ, రోజురోజుకూ ముభావంగా మారిపోతుంది. అప్పటిదాకా ఆసుపత్రుల్లో ‘సర్దుకున్న పిల్లలు’ అని మెచ్చుకునేది ఈ స్థితినే. తల్లికి దూరమైన పసిపిల్లలు ముందు గొడవ చేస్తారు, తర్వాత నిరాశలో కుంగిపోతారు, చివరికి మనుషుల మీద ఆశ వదులుకుంటారు అని రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ వివరించారు. పిల్లల వార్డుల్లో తల్లిదండ్రుల్ని ఉండనివ్వాలన్న వాదనకు బలం చేకూర్చిన సినిమాల్లో అదొకటి.

దీనికి పక్కనే ఇంకో లక్షణం ఉంటుంది. చేతులు చాపితే చాలు ఎవరి చంకైనా ఎక్కేస్తుంది. కొరియర్ తెచ్చిన అబ్బాయితోనూ వెళ్ళిపోతుంది, లిఫ్ట్‌లో కలిసిన ఆంటీతోనూ వెళ్ళిపోతుంది. “కొత్త లేదమ్మా దీనికి, ఎంత కలుపుగోలో!” అని మనం సంబరపడతాం. షిఫ్టుల వారీగా మారే చేతుల్లో పెరిగిన పిల్లకు, చేతులన్నీ ఒకటే. ఎవరు దొరికితే వారిని పట్టుకోవడం అక్కడ బతకడానికి నేర్చుకున్న తెలివి. ఇంట్లో కుదురుకుంటున్నదనడానికి గుర్తు దీనికి సరిగ్గా ఎదురు. కొత్తవాళ్ళను చూసి అమ్మ కొంగు చాటుకు వెళ్ళిన రోజు, ఆఫీసుకు వెళ్తుంటే కాళ్ళకు చుట్టుకుని రాగం తీసిన రోజు, ఆ ఇంట్లో నిజమైన శుభవార్త.

ఆ రోజు వస్తుందా అంటే, వస్తుందనే నమ్మడానికి ఆధారముంది. రొమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధనలో అనాథ శరణాలయాల్లో ఉన్న 136 మంది చిన్నారులను తీసుకుని, అందులో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. ఇళ్ళకు చేరిన పిల్లలు తెలివితేటల్లోనూ అనుబంధంలోనూ మిగతావాళ్ళకంటే మెరుగుపడ్డారు. రెండేళ్ళు నిండకముందే చేరినవాళ్ళు మరీ బాగా కోలుకున్నారు. తొందరపడమని దత్తత వ్యవస్థకు ఆ పరిశోధన చేసిన హెచ్చరిక ఒకటుంది. ఇల్లు అనేది మందులా పనిచేస్తుందని తల్లిదండ్రులకిచ్చే భరోసా మరొకటి.

అత్తయ్యతో చెప్పాల్సిన మాట

ఈ మందు పనిచేయడానికి పథ్యం ఉంది. తెలుగిళ్ళకు అదే కష్టం. మొదటి రెండు మూడు నెలలు పాపకు అన్నం పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం, ఈ నాలుగూ అమ్మానాన్నే చేయాలి. ఆకలైనా భయమేసినా పరుగెత్తాల్సింది ఎవరి దగ్గరికో ఆ చిన్న బుర్రకు తేలాలి. పదిమంది చేతులు మారితే మళ్ళీ శిశుగృహే.

మనకేమో ప్రేమ అంటేనే పదిమంది చేతులు మారడం. మేనత్త ముద్దాడాలి, బాబాయి భుజానికెత్తుకోవాలి, అమ్మమ్మ గోరుముద్దలు పెట్టాలి. వద్దని చెప్పడమంటే ఆ ఇంటి కోడలికి అగ్నిపరీక్ష. ఆ సంభాషణ ఇంచుమించు ఇలా సాగుతుంది:

“అత్తయ్యా, ఓ రెండు నెలలు అన్నం నేనూ ఆయనే పెడతాం. ఏమీ అనుకోకండి.”

“అదేంటే, ముగ్గుర్ని పెంచినదాన్ని. నేను పరాయిదాన్నయ్యానా?”

“మీరు పరాయేంటి అత్తయ్యా! దానికే ఇంకా మనమంతా పరాయివాళ్ళం. ముందు ఇద్దర్ని గుర్తుపట్టనివ్వండి, మూడోవారు మీరే.”

ఈ మాట కోడలు కాకుండా కొడుకు చెబితే సగం గొడవ తగ్గుతుంది. చాలా ఇళ్ళలో కొడుకు ఆ సమయానికి బయటికి వెళ్ళిపోతాడు, అది వేరే కథ. పెద్దావిడను గది బయట నిలబెట్టమని కాదు. అదే గదిలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చోనివ్వండి. పాట పాడమనండి. పాప తనంతట తాను దగ్గరికొచ్చి ఓ కాయ అందుకుంటుంది. పిలవకుండా వచ్చిన ఆ పిల్లే ఆ తర్వాత నాయనమ్మను వదలదు.

బారసాల కూడా ఆగవచ్చు. నూటయాభై మంది, మైకు, అక్షింతలు, ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకుని ఫొటోలు... కొత్తగా వచ్చిన రెండేళ్ళ పిల్లకు ఇంతకు మించిన శిక్ష ఉండదు. ఆర్నెల్లు ఆగితే పెదనాన్న ఎవరో పిన్ని ఎవరో తెలిసి, తన పండగలో తనూ ఉంటుంది. పేరు మార్చాలని అందరికీ ఉబలాటమే. రెండేళ్ళ పిల్లకు తన పేరు తెలుసు. తనతో వచ్చిన ఒకే ఒక్క సొత్తు అది. కొత్త పేరు పెట్టుకున్నా పాతదాన్ని ముద్దుపేరుగానైనా ఉంచడం మర్యాద. జన్మనక్షత్రం తెలియదని బెంగపడే పెద్దలకు ఓ మాట: నక్షత్రం తెలియనివారికి పేరు మొదటి అక్షరాన్ని బట్టి నామనక్షత్రం చూసే పద్ధతి మన పంచాంగాల్లో ఎప్పటి నుంచో ఉంది. పురోహితుడిని అడిగితే చెబుతారు.

అన్నం ముద్ద, అర్ధరాత్రి

తిండి దగ్గర పాప చరిత్ర అంతా బయటపడుతుంది. కొందరు కడుపు నిండినా ఆపరు, పళ్ళెం తీస్తే కేకలు పెడతారు. కొందరు చివరి ముద్ద బుగ్గలో దాచుకుని గంటసేపు తిరుగుతారు. దిండు కింద బిస్కెట్లు దొరుకుతాయి. తిట్టకండి, ‘దొంగపిల్ల’ అని సరదాకైనా అనకండి. తన ఎత్తుకు అందేచోట చిన్న డబ్బాలో మరమరాలో అరటిపండో ఎప్పుడూ ఉంచండి. డబ్బా ఖాళీ కాదని నమ్మకం కుదిరాక దాచుకోవడం తగ్గుతుంది. ఇంకొందరికి నమలడమే రాదు. మెత్తగా కలిపిన పప్పన్నం, జావ తప్ప ఎరగరు. వాళ్ళకు ఇడ్లీ, ఉడికించిన బంగాళదుంప, ఆ తర్వాత దోసె ముక్క, ఇలా మెల్లగా.

రెండేళ్ళకే చెంచాతో తనే తినేస్తుందని గర్వపడే ఇళ్ళూ ఉన్నాయి. చేతులు చాలని చోట పిల్లలు ముందే నేర్చుకుంటారు. ఆ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కళ్ళలోకి చూస్తూ, చందమామను చూపిస్తూ ముద్దలు పెట్టండి. అలవాటు పాడవుతుందని ఎవరైనా అంటే అననివ్వండి. తనకు అందకుండా పోయిన పసితనం కొంత వెనక్కి ఇవ్వాల్సి ఉంది. నూనె మర్దన, సున్నిపిండి స్నానం, కాళ్ళ మీద ఊపడం, తారంగం, చెమ్మచెక్క, దుప్పటి చాటున దోబూచులాట... వీటిలో ప్రతిదానిలోనూ తాకడమో కళ్ళలోకి చూడటమో ఉంది. పుస్తకాలు ఏకరువు పెట్టే అనుబంధ సూత్రాలు మన అమ్మమ్మల చేతుల్లో ఎప్పటి నుంచో ఉన్నవే. ఒక్కటే జాగ్రత్త: తలస్నానం అంటే హడలిపోయే పిల్లలుంటారు. వాళ్ళను మొదటి ఆదివారమే పీట మీద పడుకోబెట్టకండి. ముందు బొమ్మకు పోయించండి.

రాత్రిళ్ళు ఇంకోలా ఉంటాయి. లైటు వేసి ఉన్న హాల్లో, పది మంది పిల్లల ఊపిరి మధ్య నిద్రపోయిన పాపకు విడి గది, చీకటి, నిశ్శబ్దం భయపెడతాయి. బొమ్మల రంగులు వేయించి సిద్ధం చేసిన గది కొన్నాళ్ళు ఖాళీగానే ఉండనీయండి. మన పద్ధతిలో పక్కనే పడుకోబెట్టుకోండి. కొందరు నిద్రపట్టడానికి తలను అటూ ఇటూ ఊపుకుంటారు. ఎవరూ ఊపనప్పుడు తమను తాము ఊపుకునే అలవాటది. మెలకువ వచ్చినా ఏడవకుండా కళ్ళు తెరిచి పడుకుని ఉంటే, పిలిచినా ఎవరూ రారని నేర్చుకుందన్నమాట. ఆ కళ్ళు గమనించి ఏడవకముందే ఎత్తుకోండి. కొన్ని వారాల తర్వాత అర్ధరాత్రి గొంతు చించుకుని ఏడిస్తే, నిద్ర పాడైనా సంతోషించండి.

నాన్న వంతు

శిశుగృహల్లో పిల్లల్ని చూసుకునేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. మగవాళ్ళంటే ఎప్పుడో వచ్చే డాక్టరు, సూది. అందుకని బొంగురు గొంతు, మీసం, గడ్డం చూసి గుక్కపట్టే పిల్లలు ఎక్కువ. మూడేళ్ళు ఫొటో కోసం ఎదురుచూసిన మనిషిని చూసి పాప మంచం కిందకు దూరితే ఆ తండ్రికి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. చాలామంది చిన్నబుచ్చుకుని, “కొన్నాళ్ళు నువ్వే చూడు” అని ఆఫీసులో మునిగిపోతారు. అదే చేయకూడదు. ఎత్తుకోవడానికి పోకుండా అదే గదిలో నేల మీద కూర్చోండి. నిలబడిన మగమనిషి పిల్లకు మరీ ఎత్తు. బంతి దొర్లించండి, వెనక్కి వస్తే మళ్ళీ దొర్లించండి. సాయంత్రం అరటిపండు మాత్రం నాన్న చేతి నుంచే రావాలి. అమ్మ గది దాటినప్పుడు పాప నాన్న వైపు చూసిందంటే పని సగం అయినట్టే.

చెప్పుకోని మాట

తల్లి మనసులోనూ ఒక గది తాళం వేసి ఉంటుంది. అన్నీ చేస్తుంది, గానీ ఆ పిల్లను చూస్తే గుండె పొంగడం లేదు. ఎవరి పిల్లనో చూసుకుంటున్నట్టుంది. ఇన్నేళ్ళు ఏడ్చి తెచ్చుకుని ఇదేమిటి అని సిగ్గు. ఎవరికి చెప్పినా “నువ్వేగా కావాలన్నావు” అంటారు. కాన్పు తర్వాతి దిగులు గురించి ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాం, దత్తత తర్వాతి దిగులు ఉంటుందన్న సంగతే చాలామందికి తెలియదు. ఇది నేరం కాదు, లోపం కాదు. ఇద్దరు అపరిచితులు ఒకరికొకరు అలవాటు పడటానికి నెలలు పడుతుంది, అందులో ఒకరికి మాటలే రావు. ముందు చేతులు చేస్తూ పోతే మనసు వెనకాలే వస్తుంది. రాకుండా దిగులు ముదిరితే మానసిక వైద్యుల్ని కలవాలి. రెండేళ్ళపాటు ఆర్నెల్లకోసారి ఇంటికొచ్చే సామాజిక కార్యకర్తను తనిఖీ అధికారిలా చూసి, ఇల్లు సర్ది, పాపకు కొత్త గౌను తొడిగి కూర్చోకండి. ఆ రాకపోకలు పెట్టింది ఇలాంటివి చెప్పుకోవడానికే. పిల్లల్ని తిరిగి అప్పగించే దాకా వెళ్ళిన కుటుంబాలున్నాయి. తొలి నెలల్లోనే నోరు విప్పితే, అందాకా వెళ్ళేవాటిలో కొన్నైనా ఆగుతాయి.

సెలవు సంగతి చూడబోతే మన చట్టం నడిచిన తీరు విచిత్రం. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ దత్తత తల్లికి 12 వారాల సెలవు ఇచ్చింది, బిడ్డకు మూడు నెలలు నిండకపోతేనే అన్న షరతుతో. పైన చెప్పిన గడువులన్నీ లెక్కేస్తే మూడు నెలలలోపు బిడ్డ చట్టబద్ధంగా ఇల్లు చేరడమే అరుదు. ఆ షరతును సవాలు చేస్తూ ఓ దత్తత తల్లి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. మీ సంస్థలో ఇప్పటి నిబంధన ఏమిటో ముందే అడగండి. లేకపోతే జీతం లేని సెలవుకు డబ్బు కూడబెట్టుకోండి. ప్లేస్కూలు తొందర మాత్రం వద్దు.

డాక్టరు దగ్గరికి మొదటి వారంలోనే వెళ్ళాలి. టీకాల కార్డు, రక్తహీనత, నులిపురుగులు చూపించుకోవాలి. మాటలు ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష. నడుం మీద నీలం మచ్చలు కనిపిస్తే ఎవరో కొట్టారని కంగారుపడకండి. మన పిల్లల్లో పుట్టుకతో వచ్చే మచ్చలు అలాగే ఉంటాయి, డాక్టరు చూసి చెబుతారు. దత్తత సంగతి పాపకు ఎప్పుడు చెప్పాలంటే, ఇప్పుడే, అర్థం కాకముందే. శిశుగృహ ఫొటో ఆల్బంలో ఉండాలి, ఆయమ్మ పేరు ఇంట్లో వినపడాలి. పెళ్ళిలో ఎవరో చుట్టం చెవిలో ఊదేదాకా దాచిన ఇళ్ళు ఎంత నష్టపోయాయో ఊళ్ళో అడిగితే చెబుతారు.

ఇక బంధుమిత్రులకు, పక్క ఫ్లాట్ వాళ్ళకు ఒక విన్నపం. పాప ఎవరి పిల్ల, ఏ కులం, ఎందుకు వదిలేశారు అని అడగకండి. అది తన సొంత కథ, మీకు చెప్పాలో వద్దో పెద్దయ్యాక తనే తేల్చుకుంటుంది. ఎవరి పోలికో వెతకకండి. ఆ దంపతుల్ని ‘పుణ్యాత్ములు’ అనకండి, వాళ్ళు పిల్లలు కావాలనుకున్న మామూలు అమ్మానాన్నలు. సాయం చేయాలనిపిస్తే ఓ క్యారియర్‌లో పప్పు, చారు, వేపుడు సర్ది గుమ్మం దగ్గర ఇచ్చి రండి. ఎత్తుకోవడానికి ఆర్నెల్లు ఆగి వెళ్ళండి.